కోత పోయింది, కొలత రావాలి

సంపాదక మహాశయా,

జంతుశాస్త్ర ల్యాబుల్లో జంతువుల్ని కోయడం మానమని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2014లో చెప్పింది. మంచి పనే. కానీ ఆ బల్లల మీదికి చాలాచోట్ల చార్టులు వచ్చి కూర్చున్నాయి. శరీరధర్మశాస్త్రం కొలిచి నేర్చుకోవాల్సిన విద్య. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ కె. పంపాపతిరావు 1954లో అమెరికా శాస్త్రవేత్త బుల్లక్‌తో కలిసి రాసిన పత్రం, శీతరక్త జీవుల జీవక్రియ వేడికి స్పందించే తీరు ఒంటి పరిమాణాన్ని బట్టీ, అవి బతికే చోటి వేడిని బట్టీ ఎలా మారుతుందన్నదాని గురించే. ఆ దారిలో తొలి అడుగు, చేప ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో కొలవడం. దానికి ఒక తిలాపియా చేప, రెండు గాజు జాడీలు (ఒకటి చేపతో, ఒకటి చేప లేకుండా) చాలు. చేప చావక్కర్లేదు.

చేపను ఒకరోజు పస్తుంచాలి. వలతో పట్టగానే మూత బిగిస్తే బెదిరిపోయి గబగబా మొప్పలాడిస్తుంది, లెక్క ఎక్కువొస్తుంది. జాడీలో నీళ్లు పారనిస్తూ కనీసం గంటసేపు కుదురుకోనివ్వాలి. తర్వాత బుడగ లేకుండా మూసి, అరగంటకు రబ్బరు గొట్టంతో 125 మి.లీ. సీసాలోకి నీళ్లు తియ్యాలి. గొట్టం కొస సీసా అడుగున ఉండాలి, నీళ్లు కాసేపు పొర్లిపోవాలి. పైనుంచి పోస్తే గాలిలోని ఆక్సిజన్ కలిసి, చేప వాడుకున్నది తక్కువగా కనిపిస్తుంది. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే.

మాంగనీస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ ఒక్కో మి.లీ. వేస్తే గోధుమరంగు అవక్షేపం దిగుతుంది. తెల్లగా ఉంటే ఆక్సిజన్ అయిపోయినట్టే. చేపను వెంటనే తీసెయ్యాలి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో అవక్షేపాన్ని కరిగించి, కొలిచి తీసుకున్న ద్రవాన్ని స్టార్చ్ వేస్తే వచ్చే నీలం పోయేదాకా 0.025 నార్మల్ గాఢత గల థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చెయ్యాలి, అంటే చుక్కచుక్కగా కలుపుతూ ఎంత పట్టిందో కొలవాలి. థయోసల్ఫేట్ ఒక మి.లీ.కి 0.2 మి.గ్రా. ఆక్సిజన్. చేపలేని జాడీతో వచ్చిన తేడాను లీటరుకు లెక్కగట్టి, జాడీలోని నీటి పరిమాణంతో హెచ్చించి, చేప బరువుతో, గంటలతో భాగించాలి. 5 గ్రాముల పిల్ల, 50 గ్రాముల చేపకన్నా గ్రాముకు ఎక్కువ ఆక్సిజన్ వాడుతుందని విద్యార్థి తానే తేల్చుకుంటాడు. పెద్ద చేపకు పెద్ద జాడీ పెట్టాలి, ఆక్సిజన్ సగానికి పడకముందే ఆపాలి.

ఇది పరీక్ష మార్కుల కోసమే కాదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలుతుంటే, ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఎన్ని గంటలకు వెయ్యాలో చెప్పడానికి ఈ లెక్కే కావాలి.

సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ దీన్ని సిలబస్‌లో తప్పనిసరి చెయ్యాలి. వరుసగా రెండు ప్రాక్టికల్ పీరియడ్లు ఇవ్వాలి. ఒక పీరియడ్ చేప కుదురుకోవడానికే సరిపోతుంది.

– జంతుశాస్త్ర అధ్యాపకులు, భీమవరం