మా మాట రాసుకున్న పిల్లల వార్డు హెడ్ సిస్టర్ గారికి

పోయిన నెల మా పాపకు డెంగీ వచ్చి, తిరుపతిలో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో ఆరు రోజులున్నాం. ఇప్పుడు బాగుంది, బడికి పోతోంది. డాక్టర్లకు, సిస్టర్లకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు. హెడ్ సిస్టర్ గారి గురించి మాత్రం విడిగా చెప్పాలి.

నాలుగో రోజు జ్వరం దిగిపోయింది. ఏడుకొండలవాడికి దండం పెట్టుకుని బ్యాగు కూడా సర్దేశాను. సిస్టర్లేమో అప్పటినుంచే ఊరికూరికే బీపీ చూడటం, రక్తం తీయడం మొదలుపెట్టారు. ఎందుకంటే "డాక్టర్ గారు చెప్పారు" అంతే. రాత్రి రెండింటికి మళ్లీ సూది కనిపించగానే పాప గుక్కపట్టింది, నేను సిస్టర్ మీద అరిచేశాను. (ఆ అమ్మాయి ఇది చదివితే, క్షమించమ్మా.)

డిశ్చార్జ్ రోజు అభిప్రాయం రాయమని ఇంగ్లీషు ఫారం ఇచ్చారు. పక్క బెడ్డు ఆవిడది తమిళనాడు సరిహద్దులోని నగరి ఊరు, చదవడానికి తమిళమే వచ్చు. ఇద్దరం ఆ కాగితాలతో విసురుకుంటుంటే హెడ్ సిస్టర్ గారు చూశారు. స్టూలు లాక్కుని కూర్చుని "నోటితో చెప్పండి, నేను రాసుకుంటా" అన్నారు. ఆవిడతో తమిళంలోనే మాట్లాడారు. రాత్రిళ్లు పాలకు వేడినీళ్లు కావాలంటే మూడంతస్తులు దిగి టీ బంకు దాకా పోవాల్సొస్తోందని ఆవిడ చెప్పింది. నేను సూది సంగతి చెప్పాను.

హెడ్ సిస్టర్ గారు చెబితే అప్పుడు తెలిసింది. డెంగీలో జ్వరం దిగాక 24 నుంచి 48 గంటలే అసలు గండమట. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి బీపీ పడిపోవచ్చు, అది కనిపెట్టడానికే మాటిమాటికీ పీసీవీ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పరీక్ష) చూస్తారట. మేమేమో ప్లేట్‌లెట్లు, బొప్పాయి ఆకు రసం అంటూ తిరుగుతున్నాం! ఈ ముక్క ముందే తెలిసుంటే పాప చెయ్యి నేనే పట్టుకునేదాన్ని.

రెండు వారాలకు చెకప్‌కి పోతే వార్డు గోడమీద తెలుగులో, తమిళంలో పెద్దక్షరాల బోర్డుంది. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే పిలవమని. వరండాలో వేడినీళ్ల మెషిన్ పెట్టారు. పాపకు రక్తం తీసేటప్పుడు "ఒళ్లో కూర్చోబెట్టుకోమ్మా" అని వాళ్లే అన్నారు. ఏడ్చింది గానీ, సిస్టర్ దూది పెట్టేలోపే ఆపేసింది.

తోడుండేవాళ్లకు పడక ఇంకా కటిక నేలే. అదీ చెప్పొచ్చాను, హెడ్ సిస్టర్ గారు రాసుకున్నారు.