చింతపండు బారి నుంచి ఆ గుర్రపు రౌతు మడమ ముల్లును కాపాడిన పెద్దాయనకు

ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో, గోధుమ కోతలైన పొలంలో రైతు అనుమతితో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతున్న నాకు దొరికిన వేలెడు లోహపు ముక్కను చూసి ఆగి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దాయనకు నా కృతజ్ఞతలు. మీరు తెలుగు చదవలేరని తెలుసు. అయినా మనసులోని మాట నాకు ఈ భాషలోనే వస్తుంది.

దాన్ని నేను పాత తలుపు గొళ్లెం ముక్క అనుకున్నాను. మా అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు, ఇంటికి వెళ్లగానే చింతపండుతో తోమేయాలనుకున్నాను. మీరు వారించి, అసలు ఉపరితలం ఆ ఆకుపచ్చ చిలుములోనే నిలిచి ఉంటుందని, రుద్దితే బంగారు పూత ఆనవాళ్లేమైనా మిగిలి ఉన్నా పోతాయని చెప్పి, చీలిన కొసకు ఇరుపక్కలా ఉన్న సన్నని రంధ్రాలను గోటితో చూపించారు. పళ్ల చక్రం తిరిగే ఇరుసు అక్కడే ఉండేదట. రౌతు మడమకు కట్టుకుని గుర్రాన్ని అదిలించే ముల్లు అది. పూర్వం వాటికి మొన ఒక్కటే ఉండేదని, చక్రం 13వ శతాబ్దంలో వచ్చి 14వ శతాబ్దంలో బాగా వ్యాపించిందని తరువాత చదువుకున్నాను.

దొరికిన చోటును పటంలో గుర్తించమన్నారు, రైతుకు చెప్పమన్నారు, జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసేందుకు 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ స్థానిక అధికారికి చూపమన్నారు. అన్నీ చేశాను. ముక్కను తూచి, ఫోటో తీసి, వివరాలు నమోదు చేసుకున్నారు. ఇప్పుడది రైతు ఇంట్లో, అగ్గిపెట్టెలో, దూది మీద భద్రంగా ఉంది. చింతపండు పులుసులోకి వెళ్లింది.