మన పదిహేను నిమిషాలు మొదలయ్యాయిరా

ఒరేయ్ కెప్టెన్,

నీ మెయిల్ వచ్చి రెండు నెలలు దాటింది, జవాబు రాయలేదని కోపంగా ఉండుంటావు, ఈసారికి క్షమించరా. అమ్మ మోకాలు పర్వాలేదు, నా ఉద్యోగం అక్కడే. ఇక అసలు సంగతి విను.

స్కాట్లాండ్‌లో స్టిర్లింగ్ అనే ఊళ్లోని స్కూల్ గురించి చెప్పావు కదా, అదే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో చెప్పాను. 2012లో అక్కడి హెడ్మిస్ట్రెస్, పిల్లలు ఆటల పీరియడ్‌లో వార్మప్‌కే అలసిపోతున్నారని రోజూ పదిహేను నిమిషాలు బయట పరిగెత్తించింది, డ్రెస్ మార్చుకునే పని లేదు, పోటీ లేదు, ఎవరి వేగం వాళ్లది అని. మన పిల్లల్నీ అలా కింద పరిగెత్తిద్దాం అంటే మొదట ఒక్కరూ మాట్లాడలేదు. తర్వాత కార్ల అద్దాలు పగిలితే ఎవరిది బాధ్యత అన్నారు. నాకు ఒళ్లు మండింది! 'ఇక్కడ ఆటలు ఆడరాదు' అని మనమే బోర్డు పెట్టి, పిల్లాడు ఫోన్ వదలట్లేదని మనమే ఏడుస్తున్నాం అన్నాను. బావిగట్టు మీద నువ్వు మాట్లాడినట్టే మాట్లాడానురా, నీకు అర్థమవుతుంది.

ఆదివారం పిల్లల చేతే కూల్‌డ్రింక్ లేబుల్ చదివించాం. 100 మిల్లీలీటర్లకి పది గ్రాముల పైనే చక్కెర. 300 మిల్లీలీటర్ల సీసాకి ఎంతో లెక్కేసి గాజు గ్లాసులో చెంచాలతో పోయమన్నాం. ఎనిమిది చెంచాలు! ఆరో చెంచాకే మా చిన్నది "ఇంకానా నాన్నా?" అని నా మొహం చూసింది. 2025 మేలో సీబీఎస్ఈ స్కూళ్లన్నింటినీ షుగర్ బోర్డులు, అంటే వేటిలో ఎంత చక్కెర ఉందో చూపే బోర్డులు, పెట్టమంది. 4 నుంచి 10 ఏళ్ల పిల్లలకి రోజువారీ కేలరీల్లో 13 శాతం చక్కెర నుంచే వస్తోందట, 5 శాతం దాటకూడదు. చదివినప్పుడు అంకెలే, ఆ గ్లాసు చూశాక మాత్రం నాకు...

సరే, పరుగు. సాయంత్రం ఆరింటికి గేటు మూసి కార్లు ఆపేస్తున్నాం. ఒక్కటే షరతు పెట్టాను, ఎవరినీ తూకం వేయకూడదు, ఎవరినీ లావు అనకూడదు. మూడో ఫ్లోర్ బాబు తొమ్మిదేళ్లవాడు, తోటివాళ్లు ఏడిపిస్తున్నారని కిందికే దిగేవాడు కాదు. మొదటిరోజు వాటర్ ట్యాంక్ దగ్గర ఆగిపోయి చొక్కా కిందికి లాక్కుంటూ నిలబడ్డాడు. మన బెంచీ రోజులు గుర్తొచ్చాయిరా, మన క్లాసులో వాడొకడు ఇలాగే నిలబడేవాడు, నీకు తెలుసుగా, అప్పుడు మనమూ నవ్వాం, ఇప్పుడు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. మీటింగ్‌లో అద్దాల గొడవ పెట్టిన పెద్దాయనే వెళ్లి, "నాకూ ఆయాసమే, పద నడుద్దాం" అని ఆ బాబు చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరూ నాలుగు చుట్లు తిరిగారు. నిన్న ఆ బాబే ముందొచ్చి మా కాలింగ్ బెల్ కొట్టాడు.

ఇంకా స్కూల్ గేటు పక్క బండి సంగతి ఉంది. 50 మీటర్లలోపు చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020లోనే రూల్ తెచ్చారు, కానీ ఆ బండాయన బతుకుతెరువు కూడా చూడాలి కదా, ఉడికించిన పల్లీలు, మొక్కజొన్న పొత్తులు పెట్టమని అడిగితే ఆయన ఏమన్నాడంటే

కింద విజిల్ వేస్తున్నారు, ఆరైంది. ఉంటాన్రా!