ఆరనక్కర్లేదు, తుడవక్కర్లేదు అంటున్న మీ కేస్ లూబ్ మీద ఫిర్యాదు

ఫ్రిస్కో, టెక్సస్

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: రైఫిల్ కేసుల (తూటాల ఇత్తడి గొట్టాల) స్ప్రే లూబ్ (జారుడు జిడ్డు) లేబుల్ మీద తప్పుడు సూచనలు, పాడైన డై (ఉక్కు అచ్చు) ఖరీదు.

అయ్యా,

మీకు ఫోన్ చేస్తే ఎత్తిన మీ కస్టమర్ సర్వీస్ అబ్బాయి తెలుగులోనే మాట్లాడాడు కాబట్టి ఉత్తరమూ తెలుగులోనే రాస్తున్నాను. కొన్న రసీదు, పాత కొత్త సీసాల ఫొటోలు, డైలో ఇరుక్కున్న కేసు ఫొటో దీనితో జతచేశాను.

నేను .308 వించెస్టర్ రైఫిల్ తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటాను. అంటే పేలిన కేసుకు లూబ్ పట్టించి, ప్రెస్‌తో డైలోకి తోసి పాత కొలతకు తెచ్చి (అదే సైజింగ్), మళ్లీ మందు నింపుకుంటాను. మీ స్ప్రే పాత సీసా ఉన్నన్నాళ్లూ ఒక్క కేసు కూడా ఇరుక్కోలేదు. ఈసారి వచ్చిన సీసా మీద ‘కొత్త ఫార్ములా’ అని పెద్ద అక్షరాలు, దాని కింద ‘కొట్టిన వెంటనే సైజింగ్ చేయవచ్చు, తర్వాత తుడవనవసరం లేదు’ అని చిన్న అక్షరాలు. అలాగే కొట్టిన వెంటనే సైజింగ్ చేశాను. మొదటి కేసులు కాస్త బరువుగా వెళ్లాయి. ఆ తర్వాతది ఫుల్ లెంగ్త్ డైలోకి ఎక్కి బిగుసుకుపోయింది. ప్రెస్ హ్యాండిల్ వెనక్కి తిప్పితే కేసును పట్టుకునే షెల్ హోల్డర్ దాని అడుగు అంచును (రిమ్‌ను) చించుకుని దిగింది, కేసు మాత్రం పైనే ఉండిపోయింది.

దాన్ని బయటికి తీయడం ఎంత పనో మీకు తెలియనిది కాదు. డైలోని డీక్యాపింగ్ రాడ్డు (పాత ప్రైమర్‌ను తోసేసే కడ్డీ) విప్పి, కేసు అడుగున ప్రైమర్ (మందును అంటించే బిళ్ల) కూర్చునే గుంటలోంచి డ్రిల్లు వేసి, ఆ రంధ్రానికి మరలు కోసి, బోల్టు పెట్టి లాగాలి. కేసు వచ్చింది గానీ డై లోపల ఇత్తడి అంటుకుపోయి గీత పడింది. ఇప్పుడు అందులో ఏ కేసు పెట్టినా ఒంటి మీద ఆ గీతతోనే బయటికి వస్తోంది.

‘డై శుభ్రం చేసుకోలేదేమో సార్’ అన్నాడు మీ అబ్బాయి. అదే డై, అదే ప్రెస్, అదే లాటు కేసులు. మారింది సీసా ఒక్కటే. ఆ మాట అన్నాక రెండు సీసాల ద్రవాన్నీ ఒకే గాజు పలక మీద పక్కపక్కనే పోసి రాత్రంతా వదిలేశాను. పాతదాని చోట ఆల్కహాల్ ఎగిరిపోయి పసుపు రంగు జిగురు పొర మిగిలింది. అదే లానోలిన్, గొర్రె ఉన్ని కొవ్వు. పని చేసేది అదొక్కటే, ఆల్కహాల్ దాన్ని మోసుకొచ్చే బండి మాత్రమే. కొత్తదాని చోట వేలితో రాస్తే తెలిసీ తెలియనంత. లానోలిన్ తగ్గించారో, నీళ్లెక్కువున్న ఆల్కహాల్ వాడినందువల్ల సరిగా కరగక అడుగున ఉండిపోయిందో మీరే చెప్పాలి. సీసా బాగా ఊపే వాడాను.

పోనీ లోపలి సరుకు మంచిదే అనుకుందాం. ‘వెంటనే’ అన్న మాట ఎలా రాశారు? ఆల్కహాల్ పూర్తిగా ఆరితేనే లానోలిన్ పొర నిలుస్తుంది. తడి మీద డైలోకి తోస్తే ఇత్తడికీ ఉక్కుకీ మధ్య ఉండేది ఆ పల్చటి ద్రవమే. చాలామటుకు పిస్టల్ కేసుల గోడలు నిటారుగా ఉంటాయి కాబట్టి కార్బైడ్ (ఉక్కుకన్నా గట్టి పదార్థం) డైలో లూబ్ లేకుండానే నడిచిపోతాయి. భుజమూ మెడా ఉన్న రైఫిల్ కేసుకు ఆ వెసులుబాటు లేదు, డై కార్బైడ్‌దైనా సరే. మెడ లోపల కూడా కొంచెం తగలాలి, లేకపోతే ఎక్స్‌పాండర్ బంతి (మెడను లోపలి నుంచి సరైన కొలతకు తెచ్చే గుండు) బయటికొస్తూ మెడను సాగదీస్తుంది. మీ లేబుల్‌లో మెడ ఊసే లేదు. అలాగని మరీ ఎక్కువ కొడితే లూబ్ పోయే దారి లేక భుజం దగ్గర సొట్టలు పడతాయి. ఆ హెచ్చరికా లేదు.

డై పోతే డబ్బుతో పోతుంది. నన్ను నిజంగా కలవరపెట్టింది ‘తుడవనవసరం లేదు’ అన్న మాట. పేల్చినప్పుడు కేసు ఉబ్బి, రైఫిల్‌లో తూటా కూర్చునే ఛాంబర్ గోడను పట్టుకోవాలి. పైన జిడ్డు ఉంటే ఆ పట్టు సడలి, వెనక్కి తోసే బలంలో ఎక్కువ భాగం రైఫిల్ బోల్టు (ఛాంబర్‌ను వెనక మూసే భాగం) మీద పడుతుంది. లోపల మిగిలిన జిడ్డు మందుకీ ప్రైమర్‌కీ చేటు. అందుకే సైజింగ్ అయ్యాక గుడ్డతో తుడవడమో, మొక్కజొన్న కండెల నూకలో టంబ్లింగ్ చేయడమో (దొర్లించడమో) ఆనవాయితీ. నాకు తెలుసు కాబట్టి మీ లేబుల్ ఏమన్నా తుడిచాను. ఈ ఏడాదే ప్రెస్ కొన్న కుర్రాడికి తెలియదు. అతను సీసా మీది మాటే నమ్ముతాడు. టెక్సస్‌లో సాధారణ జింకల వేట సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. కొత్తవాళ్లు మీ సీసాలు కొనేది దానికి ముందే.

నేను కోరేవి ఇవి. సీసా, డై రెండింటి ఖరీదూ తిరిగి ఇవ్వండి. ఆ రెండు వాక్యాలూ లేబుల్ మీంచి తీసేసి, ఆరబెట్టి సైజింగ్ చేయాలనీ తర్వాత తుడవాలనీ రాయండి. ఈ లాటు కొన్నవాళ్లందరికీ ఈమెయిల్ పంపండి. వాళ్ల చిరునామాలు మీ ఆర్డర్లలో ఉన్నాయి. ఫార్ములాలో ఏం మారిందో నాకు రాతలో చెప్పండి, ఫోన్‌లో వద్దు. ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే ఇదే ఉత్తరం ఇంగ్లిష్‌లో టెక్సస్ అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికి వెళ్తుంది.

మిగిలిన ద్రవం సీసాలోనే ఉంది, పారబోయలేదు. పరీక్షకు కావాలంటే పంపుతాను. మండే ద్రవం కాబట్టి విమానంలో కాకుండా రోడ్డు మార్గంలో వెళ్లే పార్సిల్ లేబుల్ మీ ఖర్చుతో మీరే పంపాలి.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు
(పేరు, ఆర్డరు నంబరు జతచేసిన రసీదులో ఉన్నాయి)