బొప్పి బయటికే కట్టిందిగా అనుకుంటే...

సంపాదకులకు నమస్కారం.

'తలకు చిన్న దెబ్బే అనుకున్నారు, తెల్లారేసరికి ప్రాణం పోయింది' అనే వార్తలు పత్రికల్లో అప్పుడప్పుడూ చదువుతుంటాం. ఈలోగా ఇంట్లోవాళ్లు ఏం గమనించి ఆస్పత్రికి పరుగెత్తాల్సిందో ఆ వార్తల్లో ఉండదు.

మా అమ్మకు 72 ఏళ్లు. గుండె జబ్బుకి రక్తం పలచన చేసే మందు వాడుతుంది. బాత్రూంలో కాలుజారి తల గోడకు కొట్టుకుంది. స్పృహ తప్పలేదు. చూపించిన చోట గాయానికి కట్టు కట్టి పంపేశారు. ఏ మందులు వాడుతున్నారని వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. బొప్పి బయటికే కట్టింది, లోపలేం ఉండదులే అని ధైర్యంగా ఉన్నాం. మూడో వారంలో కాలు ఈడ్చడం, మాట తడబడటం మొదలైతే వయసు మీద పడింది అనుకున్నాం. స్కాన్‌లో చూస్తే మెదడు పైన పాత రక్తం పేరుకుపోయి ఉంది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేశారు. ఇప్పుడు బాగానే ఉంది.

వయసు పెరిగేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతుందట. దాని మీది సన్నటి సిరలు సాగి, చిన్న కుదుపుకే తెగుతాయి. రక్తం వారాల తరబడి కొంచెం కొంచెంగా ఊరుతుంది. అందుకే 65 దాటినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నా సరే డాక్టరుకు చూపించుకోవాలి. ఏడాది లోపు పిల్లల సంగతీ అంతే.

కొందరికి ఇది గంటల్లోనే ముంచుకొస్తుంది. 2009లో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడ్డారు. తనకేం కాలేదన్నారు. వచ్చిన అంబులెన్సు వెనక్కి వెళ్లిపోయింది. తర్వాత తలనొప్పి మొదలైంది, పడిన రెండు రోజులకే చనిపోయారు. పుర్రెకూ మెదడు పై పొరకూ మధ్య రక్తం చేరడమే కారణం. ఇలాంటి రక్తస్రావంలో మనిషి కాసేపు మామూలుగా మాట్లాడతాడు, నవ్వుతాడు కూడా. కణత దగ్గర ఎముక పలచన, దాని లోపలి వైపే ఒక ధమని ఉంటుంది. అక్కడ తగిలిన దెబ్బను తేలిగ్గా తీసుకోకూడదు.

దెబ్బ తగిలాక క్షణమైనా స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, తలనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా ఆలస్యం చేయొద్దు. అడిగిందే అడగడం, జరిగింది గుర్తులేకపోవడం, మాట ముద్దగా రావడం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, ఫిట్స్ రావడం, రెండు కనుపాపలు ఒకే సైజులో లేకపోవడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవమో రక్తమో కారడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. తాగి పడినవాళ్ల విషయంలో 'మత్తులే' అని వదిలేయడం మరీ ప్రమాదం, రెండూ ఒకేలా కనిపిస్తాయి మరి.

అలాగని ప్రతి బొప్పికీ స్కాన్ అడగనక్కర్లేదు. ముఖ్యంగా పిల్లలకు అనవసరంగా రేడియేషన్ ఎందుకు? ఏడ్చి, కాసేపటికి మళ్లీ ఆటల్లో పడిన పిల్లవాణ్ని ఒకరోజు కనిపెట్టుకుని ఉంటే చాలా సందర్భాల్లో సరిపోతుంది. నిద్రపోనివ్వకూడదని రాత్రంతా కూర్చోబెట్టక్కర్లేదు. మామూలు నిద్రే, లేపితే లేచి సరిగా మాట్లాడుతున్నాడంటే పడుకోనివ్వొచ్చు. లేపినా లేవకపోతే మాత్రం అది నిద్ర కాదు.

నేను అడిగేది రెండే. తలకు దెబ్బ తగిలి చనిపోయిన వార్త వేసినప్పుడు, పక్కన ఈ గుర్తులు నాలుగు లైన్లలో వేయండి. కట్టు కట్టి పంపే ప్రతి ఆస్పత్రీ, క్లినిక్కూ ఇవే రాసిన చీటీ ఒకటి ఇవ్వాలి. అది కూడా దెబ్బ తగిలినవాళ్ల చేతికి కాదు, వెంట వచ్చినవాళ్ల చేతికి ఇవ్వాలి. తనకు మతి తప్పుతోందని ఆ మనిషికే తెలియదు కదా.

ఇట్లు,
ఒక పాఠకుడు