కేబుల్ హెడ్‌బ్యాండ్ కిట్ తీసుకున్నవాళ్లకి: మా కాగితంలో రెండు తప్పులున్నాయి

మా ఊలు కేబుల్ హెడ్‌బ్యాండ్ (మధ్యలో జడ పడేలా అల్లే తలపట్టీ) కిట్‌తో ఇచ్చిన సూచనల కాగితంలో రెండు తప్పులు దొర్లాయి. రెండూ మావే. "జడ ఒకపక్కకే వాలిపోతోంది" అనీ, "బ్యాండ్ నిలవకుండా కళ్ల మీదకి జారుతోంది" అనీ రాసినవాళ్లు అల్లికలో ఏ పొరపాటూ చేయలేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశారు, అంతే.

మొదటి తప్పు 7వ వరసలో. కేబుల్ సూదిని (పాయలు దాటించేటప్పుడు కొన్ని కుట్లని ఆపి ఉంచే చిన్న సూది) అల్లికకు "ముందు" పట్టుకోమని అచ్చయింది, "వెనక" అని ఉండాలి. మూడు పాయల జడ వేసేటప్పుడు కుడి పాయను మధ్యలోకి తెస్తాం, తర్వాత ఎడమ పాయను మధ్యలోకి తెస్తాం. ఇక్కడా అదే పని. 3వ వరసలో కుడి పాయ మధ్య పాయ మీదుగా వస్తుంది, 7వ వరసలో ఎడమ పాయ వస్తుంది. రెండుసార్లూ సూదిని ముందు వైపే పట్టుకుంటే కుడి పాయ మధ్యలో ఆగదు, రెండు పాయల మీదా ఎక్కి ఎడమ చివరికి పోతుంది. దాని వెనకే ఇంకోటి. చివరికి ఎడమకి వాలిన చారలు మిగులుతాయి తప్ప జడ పడదు.

సరిచేసిన సూచన ఇది. 4.5 మి.మీ. సూదులు, 23 కుట్లు. వేరే రంగు మిగులు దారంతో క్రోషె గొలుసు వేసి, దాని మీద కుట్లు ఎక్కించండి, చివర్లో గొలుసు ఊడదీసి కలపొచ్చు. కుట్ల లెక్క: అటూ ఇటూ అంచుకి 4 చొప్పున, వాటి పక్కన 3 చొప్పున, మధ్యలో జడకి 9. ప్రతి వరసలో మొట్టమొదటి కుట్టుని దారం ముందుంచి, పర్ల్ (ఉల్టా కుట్టు) చేయబోతున్నట్టు సూది దూర్చి, అల్లకుండా అవతలి సూదికి జరపండి. మిగతా అంచు కుట్లు ఏ వైపైనా నిట్టే (సీదా కుట్టు).

1వ వరస: అంచు, 3 పర్ల్, 9 నిట్, 3 పర్ల్, అంచు.
2వ వరసా, సరి వరసలన్నీ: అంచు, 3 నిట్, 9 పర్ల్, 3 నిట్, అంచు.
3వ వరస: 1వ దానిలాగే, జడ దగ్గర మాత్రం మొదటి 3 కుట్లు కేబుల్ సూదికి ఎక్కించి ముందు ఉంచండి, తర్వాతి 3 నిట్, కేబుల్ సూది మీది 3 నిట్, మిగిలిన 3 నిట్.
5వ వరస: 1వ దానిలాగే.
7వ వరస: 1వ దానిలాగే, జడ దగ్గర మాత్రం మొదట 3 నిట్, తర్వాతి 3 కేబుల్ సూదికి ఎక్కించి వెనక ఉంచండి, ఆఖరి 3 నిట్, అప్పుడు కేబుల్ సూది మీది 3 నిట్.
8వ వరసతో ఒక చుట్టు పూర్తవుతుంది, మళ్లీ 1 నుంచి.

ఎన్నో వరసలో ఉన్నారో మర్చిపోతే కాగితం వెతకక్కర్లేదు. పాయలు దాటిన చోట వెనక నుంచి వేలు పెడితే చిన్న సందు తగులుతుంది. అక్కడి నుంచి సూది దాకా అడ్డంగా ఉన్న దారపు మెట్లు లెక్కపెట్టండి.

రెండో తప్పు పొడవుది. తల కొలత ఎంతో బ్యాండ్ అంత ఉండాలని రాశాం. ఊలు సాగుతుంది కాబట్టి పదో వంతు తగ్గించాలి. తల 56 సెం.మీ. అయితే బ్యాండ్ 50 చాలు. ఒక చుట్టుకి దాదాపు 3 సెం.మీ. వస్తుంది కనుక 17 చుట్లు, అంటే 136 వరసలు. తల 53 అయితే 16 చుట్లు, 59 అయితే 18.

ఈ లెక్క మీ చేతికి సరిపోతుందో లేదో ముక్క అల్లి చూస్తేనే తెలుస్తుంది. లేబుల్ మీద ఉన్న "10 సెం.మీ.కి 20 కుట్లు" సాదా అల్లికకి. ఆ లెక్కన 23 కుట్లు 11.5 సెం.మీ. రావాలి, కానీ ఈ బ్యాండ్ 9 నుంచి 9.5 మాత్రమే వస్తుంది. పాయ మీద పాయ ఎక్కుతుంది, పర్ల్ కుట్లు లోపలికి దిగిపోతాయి, అందుకని. కాబట్టి ముక్క కూడా జడతోనే వేయండి: 23 కుట్లు, 24 వరసలు. తడిపి, ఆరాక కొలవండి. వెడల్పు 10 దాటితే 4 మి.మీ. సూదులకి మారండి. దారం చాలదేమోనన్న భయం వద్దు. 50 గ్రాముల ఉండలో 100 మీటర్లుంటుంది, బ్యాండ్‌కి 60 మీటర్ల లోపే పడుతుంది.

ఇప్పటికే అల్లేసినవాళ్లకి: వదులు ఒక్కటే సమస్య అయితే కలిపిన చోట విప్పి, చివర అల్లిన కొస నుంచి రెండు చుట్లు, అంటే 16 వరసలు తీసేయండి, దాదాపు 6 సెం.మీ. తగ్గుతుంది. మళ్లీ కలిపేటప్పుడు గొలుసు వైపు 22 కుట్లే దొరికితే కంగారు పడకండి. అంచు దారాన్ని ఒక కుట్టుగా ఎత్తుకుంటే 23 అవుతాయి. పై వైపులు ఎదురెదురుగా పెట్టి మూడో సూదితో కలిపి ముగిస్తే గీత లోపలికి పోతుంది.

7వ వరస తప్పు ఒకట్రెండు చుట్ల కిందే ఉంటే మొత్తం విప్పక్కర్లేదు. ఆ 6 కుట్లు మాత్రమే కిందకి జారవిడిచి, పాయలు సరిగ్గా దాటించి, కింది మెట్టు నుంచి వరసగా క్రోషె సూదితో పైకి ఎత్తుకోండి. అంతకన్నా కిందుంటే విప్పడమే మేలు. ఆరు కుట్ల వెడల్పులో పదుల కొద్దీ మెట్లు వేలాడుతుంటే ఏది దేని మీదిదో తెలియదు.

ఇంకో ఒప్పుకోలు. మొదటి కిట్లలో పెట్టిన కేబుల్ సూది 5 మి.మీ. మందం. అల్లే సూది కన్నా లావుగా ఉంటే దాటించిన కుట్లు సాగి, మలుపు పక్కన రంధ్రాలు పడతాయి. ఇప్పుడు 3.5 మి.మీ.ది పెడుతున్నాం. పాతది పక్కన పడేయండి, రెండు వైపులా మొనలున్న సన్న సూది ఏదైనా పనికొస్తుంది.

దారం కూడా మారింది. పాత ఉండలు మామూలు ఊలు: వేడి నీళ్లలో రుద్దితే పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి పట్టేసి కుంచించుకుపోతుంది, మళ్లీ సాగదు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి అదమండి. కొత్త ఉండలు సూపర్‌వాష్: అలా పట్టేసుకోవు, కానీ తడిస్తే సాగుతాయి. క్లిప్పు పెట్టి వేలాడదీస్తే బ్యాండ్ మెడలోకి వస్తుంది, పరిచే ఆరబెట్టండి. ఈ దారానికి ముక్క తడిపి కొలవడం తప్పనిసరి.

కాగితం నమ్మి దారం పాడుచేసుకున్నవాళ్లకి ఇంకో ఉండ ఉచితంగా పంపుతాం. లేబుల్ మీది రంగు లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన దారానికి ఇచ్చే సంఖ్య) రాయండి. అదే లాట్ మిగలకపోతే ఛాయలో తేడా రావచ్చు, అప్పుడు సగం బ్యాండ్‌కి కలపకుండా మొత్తం కొత్త ఉండతోనే అల్లండి.