మెషీన్ని తిరిగిచ్చెయ్యకు సూరీ

ఒరేయ్ సూరీ,

నీ మెసేజ్ చూసి నవ్వాగలేదు. ఉప్పాడ ఒడ్డున రోవర్, అదే నీ శాటిలైట్ సర్వే మెషీను, పెడితే ఎత్తు మైనస్ 70 మీటర్ల దరిదాపుల్లో చూపించిందా? "నేను సముద్రంలో మునిగున్నానా" అని అడిగావు. మెషీను బాగానే ఉంది. షాపువాడికి తిరిగిచ్చెయ్యకు.

అది కొలిచేది నీళ్ల మీంచి కాదు. పైనా కిందా కాస్త నొక్కిన బంతిలాంటి దీర్ఘగోళం ఒకటి లెక్కల కోసం ఊహించుకున్నాం, శాటిలైట్ ఎత్తు దాని మీంచి. నీళ్లకి ఆ బంతి సంగతి పట్టదు, గురుత్వాకర్షణ చెప్పినట్టే వింటాయి. గాలీ అలలూ పోటూపాటూ లేకుండా సముద్రం సర్దుకుంటే ఉండే మట్టాన్ని నేల కిందకి కూడా పొడిగిస్తే అదే జియాయిడ్. మన వైపు అది బంతి కంటే బాగా కింద. హైదరాబాదులో 70 మీటర్లకు పైనే, శ్రీలంకకి దక్షిణాన సముద్రంలో సుమారు 106. ఓడలో ఆ పల్లం దాటినా తెలీదు, నీళ్లకది చదునే. నీ మైనస్ 70లోంచి ఆ మైనస్ 70 తీసెయ్, సున్నా. ఒడ్డునే ఉన్నావు.

నీకు అంతతో సరిపోదని తెలుసు. డెల్టా కాలవ వాలు కిలోమీటరుకి 10 సెంటీమీటర్లు కూడా ఉండదు. జియాయిడ్ కూడా మన దగ్గర కిలోమీటరుకి కొన్ని సెంటీమీటర్లు వాలుతుంది. దాన్ని వదిలేస్తే శివారు రైతుకి నీళ్లందవు, నిన్ను తిడతాడు.

1849లో స్టోక్స్ అనే గణిత శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఒకటుంది: భూమంతా గురుత్వాకర్షణ కొలిస్తే, ఏ చోటైనా జియాయిడ్ ఎత్తు లెక్కగట్టొచ్చు. భూమంతా ఎవడు కొలుస్తాడ్రా? అందుకని దూరపు సంగతి ఈజీఎం2008 లాంటి ప్రపంచ మోడల్‌కి వదిలేస్తాం. మన కొలతల్లోంచి ఆ మోడల్ వాటా, కొండల వాటా తీసేసి, మిగిలిన కాస్తకీ సూత్రం వాడి, తీసిందంతా మళ్లీ కలుపుతాం. కంప్యూటర్ గంటలో చేసేస్తుంది. పాట్లన్నీ అంతకు ముందే.

గురుత్వాకర్షణ కొలిచే గ్రావిమీటర్‌ని తెల్లారకముందే కల్వర్టు పక్కన దించుతాను. బుడగ మధ్యకి తెచ్చి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే లారీ ఒకటి పోతుంది, అంకెలు వణుకుతాయి, మళ్లీ మొదలు. సాయంత్రం పొద్దున్నే కొలిచిన చోటికే తిరిగొచ్చి మళ్లీ కొలవాలి, పగలంతా మెషీను ఎంత జారిందో తేలాలి కదా.

ఇంత చేసి మొన్న పరువు తీసుకున్నాను. ఆ కొలతలతో మ్యాపు వేస్తే చదునైన వరిచేల మధ్య గురుత్వాకర్షణ తగ్గినట్టు నీలం బొట్టు, చుట్టూ ఉంగరాల్లా గీతలు. అక్కడ భూమిలో ఏదో ఉందని రెండ్రోజులు మురిసిపోయాను. చివరికి ఫీల్డు పుస్తకం తీస్తే ఎత్తు 52 మీటర్లు, కంప్యూటర్లో 42. నా రాతలో ఐదు నాలుగులా ఉంది. పైకెళ్లేకొద్దీ గురుత్వాకర్షణ తగ్గుతుంది కదా, ఎత్తు మీటరు తప్పితే 0.3086 మిల్లీగాల్ (గురుత్వాకర్షణకి మేం వాడే చిన్న కొలమానం) తప్పు, అంటే 10 మీటర్లకి 3. చుట్టూ 5 కిలోమీటర్ల దాకా ఇంకో పాయింటు లేకపోతే, ఆ 3 మిల్లీగాల్ జియాయిడ్‌ని దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు కుంగదీస్తుంది. అలాంటివి నాలుగు పడితే నీ కాలవ వాలు లెక్క చెడుతుంది. నేను సూత్రాలతో కుస్తీ పట్టిన రోజుల కంటే ఎత్తులు సరిచూసుకున్న రోజులే ఎక్కువ పనికొచ్చాయి.

ఇంకోటి. మన పాత బెంచ్‌మార్కుల (ఎత్తు తేల్చి పాతిన సర్వే రాళ్ల) ఎత్తులకి మూలం 1909లో తొమ్మిది రేవుల్లో సముద్ర మట్టాలు చూసి సర్దిన లెక్క, మన విశాఖ అందులో ఒకటి. అన్ని రేవుల్లో సముద్రం ఒకే మట్టంలో ఉండదు. కాబట్టి నా మోడల్‌కీ మీ ఊరి రాయికీ కొంత తేడా వస్తే కంగారు పడకు, ఆ తేడానే నాక్కావాలి.

ఆదివారం రోవర్ని మీ రైల్వే స్టేషన్ బెంచ్‌మార్కు మీద రెండు గంటలుంచి ఆ ఫైలు పంపు. ఆంటెన్నా ఎత్తు టేపుతో రెండుసార్లు కొలువు, ఐదు రాస్తే ఐదులాగే ఉండాలి.

నీ
రాంబాబు